ఊఁ ఆగిన చోట

పొద్దున్న పాసింజరు, వెనక వస్తున్న ఎక్స్‌ప్రెస్సుకి దారివ్వడానికి భీమడోలులో ఆగింది. మా సీజన్ టికెట్ల వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆ కబురు అప్పుడే వచ్చింది. 'మన కథలాయన ఇక లేరు.' దాని కింద వరసగా దణ్ణాలు పెట్టే బొమ్మలు. ఆ దణ్ణాల మధ్యలో, పైన ఏముందో చూసుకోకుండా, ఎవరో ఎప్పటిలాగే పువ్వులతో గుడ్ మార్నింగ్ పంపించారు. నా ఎదురుగా కూర్చున్న బ్యాంకు క్యాషియర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీశారు. నా హ్యాండ్‌బ్యాగులో గూడెం స్టేషన్ బయట కొన్న వేరుశనక్కాయల పొట్లం ఉంది. ఇంకా వేడి తగ్గలేదు. అది ఆయన కోసం కొన్నదే. ఎందుకు కొన్నానో చివర్లో చెబుతాను.

ఆయన ఇంటిపేరూ ఒంటిపేరూ మాలో సగం మందికి తెలియదు. తాడేపల్లిగూడెం మార్కెట్లో తాతలనాటి ఉల్లిపాయల హోల్‌సేలు కొట్టు వాళ్ళది. అరవైకి దగ్గర పడుతున్నా మార్కెట్లో ఆయన ఇంకా 'కొట్టువారి చిన్నబ్బాయే'. రైల్లో మాత్రం కథలాయన. ఏలూరులో చిల్లరకొట్ల వసూళ్ళకని అన్నగారు పంపిస్తే, ఆయన ముందు మమ్మల్ని వసూలు చేసుకునేవారు. కిటికీ పక్కన సీటు, ఎదురుగా వినే మొహాలు, అంతే ఆయనకి కావలసింది. చొక్కాకి ఎప్పుడూ ఉల్లిపాయల వాసన. కథ వింటూ ఎవరైనా కళ్ళు తుడుచుకుంటే, అది కథ గొప్పతనమో గోనెసంచుల గొప్పతనమో తేలడం లేదని క్యాషియర్ గారు వేళాకోళం చేసేవారు. ఆయన అందరికంటే ముందు తనే నవ్వేవారు.

కథ మొదలుపెట్టే ముందు చేతి గడియారం తీసి జేబులో వేసుకునేవారు. సీటు మీద న్యూస్‌పేపరు పరిచి, పొట్లం విప్పి, సీనుకొక వేరుశనక్కాయ చొప్పున వరసగా పేర్చేవారు. "ఇదేమో ఆవిడ తలుపు తీసుకుని బయటికి రావడం. ఇది రేవు. ఇది వరద కబురు" అంటూ ఒక్కో కాయ మీదా వేలు పెట్టి చెప్పేవారు. ఏదైనా సీను పండలేదనిపిస్తే ఆ కాయ తీసి, ఒలిచి, గింజలు నోట్లో వేసుకునేవారు. "లాభం లేదండీ, ఈ సీను తినేద్దాం." కొన్ని రోజులు భీమడోలు వచ్చేసరికే ఫస్టాఫ్ మొత్తం తినేసేవారు. ఏలూరులో కాగితం మీద పొట్టు తప్ప ఏమీ మిగిలేది కాదు. "ఇవాళ్టి కథ అరిగిపోయిందండీ" అని లేచి, ఒళ్ళో పొట్టు దులుపుకుని, గడియారం పెట్టుకుని వసూళ్ళకి వెళ్ళిపోయేవారు.

సీను పండిందో లేదో తెలుసుకోవడానికి ఆయనకొక కొలత ఉంది. మనవైపు కథ చెబుతుంటే ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టకపోతే చెప్పేవాళ్ళు అలుగుతారు. ఈయనది తిరగేసిన వ్యవహారం. ఊఁ కొట్టమని ముందు తనే బతిమాలేవారు. మేం శ్రద్ధగా ఊఁ ఊఁ అంటూ ఉంటే మొహం మాడ్చుకునేవారు. ఎవరైనా ఊఁ అనడం మరిచిపోయి నోరు తెరుచుకుని ఉండిపోతే, ఆ కాయని వేలితో తట్టి, "ఇది బతికిందండీ" అనేవారు. బతికిన కాయ ఎంత ఆకలి వేసినా తినేవారు కాదు. దాన్ని చొక్కా జేబులో వేసుకుని ఇంటికి పట్టుకెళ్ళేవారు.

ఈ వెర్రి ఆయనకి హైదరాబాదులో పట్టింది. వయసులో ఉండగా కొట్టు వదిలేసి సినిమాలకి కథలు రాద్దామని వెళ్ళారు. అక్కడ రాయడం కంటే చెప్పడమే పెద్ద పని. ఆఫీసు నుంచి ఆఫీసుకి తిరిగి చెప్పగా చెప్పగా ఒక నిర్మాత దొరికాడు. కొల్లేరు సరస్సు మధ్య లంకలో కొడుకు కోసం ఎదురుచూసే ముసలావిడ కథ చెప్పారు. ఆ నిర్మాత పేపరు తిరగేస్తూ మొదటినుంచి చివరిదాకా ఊఁ ఊఁ అన్నాడట. అయిపోయాక, "బ్రహ్మాండంగా ఉందండీ. హీరో ఎవరు?" అన్నాడట.

"ఇందులో హీరో లేడండీ, ముసలావిడే."

"పోనీ కొడుకుని హీరో చేద్దాం."

"కొడుకు మొదట్లోనే వరదలో పోయాడు కదండీ."

"పోలేదనుకుందాం."

ఈ ముక్క ఆయన మాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ 'పోలేదనుకుందాం' దగ్గర నిర్మాత గొంతు పెట్టి, తర్వాత కాసేపు కిటికీలోంచి చూసేవారు. "టీ కప్పు అక్కడే పెట్టేసి బండెక్కేశానండీ. ఊఁ అంటే విన్నట్టు కాదు. చెవి మనకిచ్చి మనసు తన దగ్గర పెట్టుకున్నట్టు" అనేవారు.

నేను ఏలూరులో ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తాను. ఆఫీసులో క్లెయిములు, ఇంట్లో కుక్కరు. ఈ రెండిటి మధ్య కథ రాసుకోవచ్చని నాకు చెప్పిన మొదటి మనిషి ఆయన. చెప్పి ఊరుకోలేదు, రాయించారు. ఆయన్ని బాబాయిగారూ అని పిలిచేదాన్ని. మొదట్లో నన్ను మీరు అనేవారు. మొదటి కథ చెప్పిన రోజునుంచి నువ్వు అన్నారు. అదొక్కటే నాకు దక్కిన మెప్పు. కథ చెబుతున్నంతసేపూ ఊఁ. ప్రాణం పెట్టి రాసిన సీనుకీ ఊఁ, ఏడ్చుకుని రాసిన సీనుకీ ఊఁ. చివర్లో బాగుందనీ అనరు, బాగాలేదనీ అనరు. "ఏలూరొచ్చేసిందమ్మా" అంటారు. నాకు ఒళ్ళు మండిపోయేది. నా కథొకటి భీమవరం కుర్రాళ్ళు షార్ట్ ఫిలింగా తీశారు. స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. ఆ శాలువా ఆయన ముందు చెల్లలేదు. ఈ మనిషి నోట్లో ఊఁ ఆగాలి, 'తర్వాతేమైంది' అని నన్ను అడగాలి. అడిగితే చాలు, ఆ మీదట ఏ శాలువా నాకక్కర్లేదు. అదే నా పంతం.

ఎవరూ తీయని ఆ ముసలావిడ కథని చివరికి ఆయనే తీశారు. ఎలా తీశారని అడిగితే, అన్నగారి తిట్లే పెట్టుబడి అనేవారు. ఆకివీడులో పెళ్ళిళ్ళకి వీడియోలు తీసే అతనిదే కెమెరా. ఆదివారాలు మైకు పట్టుకోవడం నా పని. వలలు ఎత్తే వెదురుగెడకి మైకు కట్టి చేతులు పడిపోయేదాకా నిలబడేదాన్ని. చేపల చెరువుల గట్ల మీదుగా ఆటోలో వెళ్ళి, అక్కడినుంచి పడవెక్కితే ఆ లంక వస్తుంది. నటించినవాళ్ళంతా ఆ ఊరివాళ్ళే. ముసలావిడ వేషం వేసింది నిజంగా ముసలావిడే. ఆమెని అందరూ మామ్మ అనేవారు.

అక్కడొక చిక్కొచ్చింది. షూటింగుకి ముందు నెలల తరబడి ఆయన ఆ ఊరి తుఫాను షెల్టరు మెట్ల మీద కూర్చుని సాయంత్రాలు కథ చెప్పారు. ఊఁ కొట్టడం ఊరంతటికీ అలవాటైపోయింది. కెమెరా తిరుగుతున్నప్పుడు ఆయన యాక్షన్ అనరు. మెల్లగా, "మామ్మ ఇప్పుడు రేవులోకి దిగింది" అంటారు. మామ్మ దిగుతూ, "ఊఁ" అంటుంది. గట్టు మీద చూస్తున్న జనమంతా "ఊఁ" అంటారు. నా చెవుల్లో హెడ్‌ఫోను హోరెత్తిపోయేది.

"మామ్మా, నువ్వు ఊఁ అనకూడదు."

"భలేవోరే. పెద్దోరు మీరు కత చెప్తా ఉంటే ఊఁ అనకపోతే బాగుంటదేటండీ?"

మర్యాద తెలిసిన ఊరు. ఏం చేస్తాం? ఎడిటింగులో ఎంత చెరిపినా ఆ ఊఁలు పోలేదు. ఎక్కడో చిన్న ఫిలిం ఫెస్టివల్లో వేసినప్పుడు ఒక పెద్దమనిషి లేచి, నేపథ్యంలో ఆ ధ్వని కొల్లేటి సరస్సు ఊపిరిలాగా ఉందని ఇంగ్లీషులో పొగిడారట. ఈయన నిజం చెప్పకుండా దణ్ణం పెట్టి దిగొచ్చేశారు. తిరిగొచ్చి రైల్లో ఆ సంగతి చెబుతుంటే పెట్టె పెట్టంతా పడీ పడీ నవ్వాం.

ఆఖరి సీను తీసిన రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. వరద తగ్గాక లంకకి పడవ వస్తుంది. అందులో ఊళ్ళోవాళ్ళందరూ ఉంటారు, కొడుకు ఉండడు. మామ్మ రేవులో నిలబడి చూడాలి, అంతే. ఆవిడ నిలబడలేదు. గట్టు మీద చతికిలపడింది.

"ఏవండీ, ఆణ్ణి కూడా పడవలో కూకోబెట్టండి" అంది.

"రాడు మామ్మా. కథలో రాడు కదా" అన్నారాయన.

"కత మీదే కదండీ. మీరు రమ్మంటే రాడేటి?"

"వచ్చేస్తే నువ్వు ఇన్నాళ్ళు చూసిన ఎదురుచూపు అబద్ధమైపోతుంది."

మామ్మ నీళ్ళకేసి చూసింది. "నా పెద్దోడు ఇలాగే ఎల్లి రాలేదండీ. సినిమాలోనన్నా రానియ్యండి" అంది.

ఆవిడకి కొడుకు పోయాడని మాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. నెలల తరబడి ఆ మెట్ల మీద కూర్చుని ఊఁ కొట్టిన మనిషి ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. గెడ కిందికి దించేశాను. ఈ ఒక్క కథకీ మార్చేస్తారనుకున్నాను. ఆయన మామ్మ పక్కన గట్టు మీద కూర్చున్నారు. ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఏదో మెల్లగా చెప్పారు. మైకు దూరంగా ఉంది, నాకు వినపడలేదు. కాసేపటికి మామ్మ లేచింది. రేవులో నిలబడింది. పడవ వచ్చింది. కొడుకు రాలేదు. ఆ ఒక్క సీనులోనే వెనక ఊఁలు లేవు.

తిరుగుదారిలో ఆటోలో ఆయనతో పోట్లాడాను. "రానిస్తే ఏం పోయిందండీ? మీ సొమ్మేమైనా పోయిందా?"

"రానిస్తే ఆవిడకి ఇవాళ బాగుంటుందమ్మా. రేపు పొద్దున్న మళ్ళీ అదే రేవుకి నీళ్ళకెళ్ళాలి కదా. అప్పుడెవరు రానిస్తారు?" అన్నారు. మళ్ళీ తనే, "పోయినవాణ్ణి తీసుకురాకూడదు. కథ చెప్పేవాడు అంత పని చెయ్యకూడదు" అన్నారు.

సినిమా పూర్తయ్యాక ముందు ఆ లంకలోనే, షెల్టరు గోడకి తెల్లటి దుప్పటి కట్టి వేశాం. పిల్లలు, పెద్దలు, వలలు బాగుచేసుకునేవాళ్ళు అందరూ వచ్చారు. తెర మీద తమ ఊఁలు వినపడుతుంటే మొదట్లో నవ్వుకున్నారు. పడవ వచ్చిన దగ్గర ఊరంతా ఊపిరి బిగబట్టింది. అది ఆయన జీవితమంతా కోరుకున్న నిశ్శబ్దం. మామ్మ మాత్రం లేచి, "బాగానే తీశారండీ" అని, పంచిపెట్టిన పులిహోర ముట్టుకోకుండా ఇంటికి వెళ్ళిపోయింది. తర్వాత మేం ఎప్పుడు వెళ్ళినా ఆవిడ బయటికి రాలేదు. ఆయన వెళ్ళినప్పుడల్లా వేరుశనక్కాయల పొట్లం ఆవిడ గుమ్మంలో పెట్టి, కాసేపు నిలబడి వచ్చేసేవారు. ఆవిడ పోయిందని తెలిసిన రోజు రైల్లో ఏ కథా చెప్పలేదు. "సినిమా బతికిందమ్మా. మామ్మతో మాటే పోయింది" అన్నారు నాతో.

ఆ సినిమా ఎవరూ కొనలేదు. తెలిసిన మొహం ఒక్కటైనా ఉందా అని అడిగినవాళ్ళే అందరూ. చివరికి యూట్యూబులో పెట్టారు. కింద కామెంట్లలో మా రైలువాళ్ళమే ఎక్కువ. ఆయన రెండో సినిమా తీయలేదు. కొట్టులో కూర్చున్నారు, వసూళ్ళకి తిరిగారు, కాయలు పేర్చారు, తిన్నారు. బెంగపెట్టుకున్నారా అంటే చెప్పలేను. మనిషి నవ్వుతూనే ఉండేవారు. ఆ నవ్వు చూసే నేను మోసపోయానేమోనని ఇప్పుడనిపిస్తుంది.

ఊపిరితిత్తులు పాడైపోయాయని తెలిసేసరికే ఆలస్యమైంది. ఏలూరులో ఆసుపత్రిలో ఉంచారు. ఆఫీసవగానే వెళ్ళి కూర్చునేదాన్ని. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, మంచం పక్కన స్టూలు మీద భార్య. ఆవిణ్ణి నేను పిన్నిగారూ అంటాను. ఒక సాయంత్రం ఆవిడ మందులకని కిందికి వెళ్ళారు. ఆయన కళ్ళు తెరిచి, "ఏవైనా కొత్తది రాశావా?" అన్నారు.

రాశాను. పొట్లం తీసి, దుప్పటి మీద కాయలు పేర్చాను. "తినడానికి లేదండీ, డాక్టరు గారు ఒప్పుకోరు. కాబట్టి ఈసారి నా సీన్లన్నీ ఉంటాయి" అన్నాను. నవ్వారు. నవ్వితే దగ్గొచ్చింది.

చెప్పడం మొదలుపెట్టాను. ఆకివీడు నుంచి కలకత్తాకి చేపల లోడు తోలే లారీ డ్రైవరు ఒకడు. దారిలో దాబా దగ్గర టీకి దిగినవాడు మళ్ళీ ఎక్కలేదు. ఊఁ, అన్నారు. లారీని వేరే డ్రైవరు తిరిగి తెచ్చాడు. రోడ్డు దాటుతూ ఏ బండి కిందో పడిపోయి ఉంటాడని అందరూ ఖాయం చేశారు. ఊఁ. భార్య ప్యాకింగ్ షెడ్డులో చేపల మీద ఐసు కొట్టే పని చేస్తుంది. ఆవిడ నమ్మలేదు. బొట్టు తీయనివ్వలేదు. ఊఁ. ఒకరోజు షెడ్డులోంచి అలాగే తడి చీరతో వెళ్ళి, బయల్దేరుతున్న లారీ క్యాబిన్లో ఎక్కి కూర్చుంది.

ఊఁ వినపడలేదు. నిద్రపోయారేమోనని చూశాను. కళ్ళు పెద్దవి చేసుకుని నన్నే చూస్తున్నారు.

చెప్పుకుపోయాను. ఆవిడ ఆ దాబా చేరుకుంది. వెనకవైపు కుళాయి దగ్గర ఒక మనిషి అటు తిరిగి టీ గ్లాసులు కడుగుతున్నాడు. అవే భుజాలు. మెడ మీద అదే కాలిన మచ్చ. ఆవిడ నిలబడిపోయింది.

అక్కడ ఆపాను.

"తర్వాత?" అన్నారు.

ఎన్నేళ్ళ పంతం! ఆ ఒక్క మాటతో నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయల వాసన కూడా లేదక్కడ. తర్వాతేమిటో నా దగ్గర ఉంది. రాసుకునే వచ్చాను. కానీ చెప్పలేదు. సగంలో ఆపితే, ఇంటర్వెల్లో సోడా తాగడానికి వెళ్ళినవాడు పరిగెత్తుకు రావాలని నేర్పింది ఆయనే. మిగతా సగం కోసం ఈయన రేపటిదాకా ఉంటారని నాకు ఎందుకో గట్టిగా అనిపించింది.

"ఇంటర్వెల్లండీ. మిగతాది రేపు."

"నా దగ్గర నేర్చుకుని నామీదే వేశావుటే!" అన్నారు. గొట్టం కింద పెదాలు నవ్వాయి. దుప్పటి మీది ఆఖరి కాయని వేలితో తట్టి, తీసుకుని గుప్పిట్లో పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్న రెండో సగానికి కాయలు కొనుక్కుని రైలెక్కాను. భీమడోలులో ఆ కబురు వచ్చింది.

పెద్దకర్మ అయ్యాక ఒక మధ్యాహ్నం గూడెంలో వాళ్ళింటికి వెళ్ళాను. పిన్నిగారు కొట్టు వెనక గదిలో చాప మీద కూర్చుని ఉన్నారు. పక్కన ఒక డబ్బా నిండా ఎండిపోయిన వేరుశనక్కాయలు. జేబులో వేసుకుని తెచ్చిన బతికిన కాయలన్నీ ఆవిడ దాచిపెట్టారు. ఇద్దరం ఆ డబ్బాకేసి చూశాం.

"ఆ రోజు నువ్వెళ్ళాక నీ కథ నాకు చెప్పారమ్మా. ఆయాసం, ఆపండి అంటే వినరు. గ్లాసులు కడుగుతున్న మనిషి దాకా చెప్పారు" అన్నారావిడ. "తర్వాతేమైందమ్మా? చెప్పు. నాకన్నా చెప్పు."

రాసుకున్నది నాకు తెలుసు. ఎదురుగా బోసి నుదురుతో ఉన్న మనిషి. మార్చేద్దామా అనుకున్నాను. ఒక్క మాట చాలు. కథ నాదే కదా, నేను రమ్మంటే రాడా? అంతలో ఆ రేవూ, మామ్మా, ఆటోలో ఆయనన్న మాటా గుర్తొచ్చాయి. ఆయన దగ్గర నేర్చుకున్నదాన్ని ఆయన ఇంట్లో కూర్చుని ఎలా తప్పను?

"ఆవిడ పిలిచింది పిన్నిగారూ" అన్నాను.

"ఊఁ" అన్నారు.

"అతను ఇటు తిరిగాడు. అతను కాదు. ఎవరో. ఆవిడ అక్కడే బల్ల మీద కూర్చుని, అతనిచ్చిన టీ తాగి, తిరుగు లారీ ఎక్కింది."

పిన్నిగారు ఊఁ అనలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "నేనూ అదే అనుకున్నానమ్మా. అతనెలా అవుతాడు? ఆయన మాత్రం, అతనే అయ్యుంటాడే, అన్నారు" అన్నారు.

"బాబాయిగారా?" అన్నాను. నమ్మలేకపోయాను.

"అదేవిటండీ, పోయినవాణ్ణి తీసుకురాకూడదని ఊరందరికీ మీరే చెబుతారుగా అన్నాను. గుప్పిట్లో కాయ నా చేతిలో పెట్టి, 'ఈ ఒక్కసారికీ రానియ్యవే బాబూ' అన్నారు. ఆ తర్వాత ఇంక మాట్లాడలేదు."

ఆ కథని సినిమాగా తీస్తామని ఇప్పుడెవరో అడుగుతున్నారు. స్క్రిప్టు అంతా అయిపోయింది, ఆ ఒక్క సీను తప్ప. ఎప్పుడో రాసి పెట్టుకున్నదాన్ని నేనే కొట్టేశాను. కొట్టేసిన చోట వేరేది రాయలేదు. రోజూ రైల్లో తెరుస్తాను, ఏలూరొచ్చేస్తుంది, మూసేస్తాను. కుళాయి దగ్గర ఆ మనిషి అటు తిరిగి గ్లాసులు కడుగుతూనే ఉన్నాడు. అతన్ని ఇటు తిప్పడానికి నాకు చెయ్యి రావడం లేదు.